మైల తీరినా తీరని దిగులు

బొబ్బిలి పేరు చెప్పగానే తెలుగువాడికి 1757 జనవరి 24 గుర్తుకు వస్తుంది. బుస్సీ ఫిరంగులు, విజయరామరాజు పగ, రంగారావు పట్టుదల, తాండ్ర పాపారాయుడి కత్తి. ఆ కథలో స్త్రీలు కనిపించేది దాదాపు ఒక్క ఘట్టంలోనే. కోట నిలవదని తేలిన తరువాత, శత్రువు చేతికి చిక్కకుండా, కోటలోని వారే తమ స్త్రీలనూ పిల్లలనూ కడతేర్చారు. ఈ ఘోరాన్ని ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ వివరంగా రాశాడు. రాజు పసికొడుకు మాత్రం బ్రతికి బయటపడ్డాడని కూడా రాశాడు. ఆ విధంగా స్త్రీ చావు చరిత్రకు ఎక్కింది. ఆ కోట చుట్టూ పల్లెల్లో బిడ్డను కని, ఆపైన నెలల తరబడి కారణం తెలియని దిగులుతో కుమిలిన తల్లి బ్రతుకు మాత్రం యుద్ధకథలకు ఎక్కదు. వాటి పని అది కాదు.

ఈ రెండో చరిత్రను గురించి నాలుగు మాటలు రాయాలని చాలాకాలంగా నా మనసులో ఉంది. కాన్పు తరువాత వచ్చే కుంగుబాటును గురించి ఈమధ్య పత్రికలలో అడపాదడపా చదువుతూనే ఉన్నాం. అయితే వాటిలో ఎక్కువ భాగం అది ఎందుకు వస్తుంది అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నాయి. నన్ను తొలిచే ప్రశ్న వేరు. కొందరు తల్లులకు అది కొన్ని వారాలలో తగ్గిపోతుంది, మరికొందరికి ఏడాదైనా ఎందుకు పోదు? ఈ ప్రశ్నకు జవాబు మందుల పుస్తకంలో కంటే మన ఇళ్ళ చరిత్రలోనే ఎక్కువగా ఉన్నదని నా అభిప్రాయం.

ముందు మన భాషను చూద్దాం. బాలింతరాలి శరీరం గురించి తెలుగులో ఉన్నన్ని మాటలు మరి దేని గురించీ లేవేమో అనిపిస్తుంది. పథ్యం, కాయం, సాంబ్రాణి ధూపం, పొయ్యి సెగ, చెవుల్లో దూది, నడికట్టు. చల్లగాలి తగిలితే వాతం చేస్తుందని భయం. ఆమె మతి తప్పి కేకలు వేస్తే దానికీ ఒక పేరుంది, సన్ని. అంటే సన్నిపాతం. మంత్రసాని ఒక రకంగా, వైద్యుడు ఒక రకంగా, భూతవైద్యుడు మరో రకంగా దానిని అర్థం చేసుకున్నారు గానీ, అది జబ్బు అన్న విషయంలో ముగ్గురికీ భేదం లేదు. కానీ కేకలు వేయకుండా, మతి తప్పకుండా, బిడ్డకు పాలిస్తూ, అంట్లు తోముకుంటూ, లోలోపల ఆరిపోతున్న తల్లికి ఏ పేరు పెట్టాం? మా బొబ్బిలి వైపు 'బెంగెట్టుకుంది' అంటారు. బెంగ అనగానే అది కన్నవారింటి మీద, లేదా ఊళ్ళో లేని మగని మీద అని లెక్క. బెంగ జబ్బు కాదు. రోజులు గడిస్తే అదే పోతుంది. ఈ ఒక్క మాటలోనే మన సమాజం ఇచ్చిన తీర్పంతా ఉంది.

మన ఆచారాన్ని పూర్తిగా తప్పు పట్టనక్కరలేదు. తొలి కాన్పు కన్నవారింట జరగడం, పదకొండో రోజు దాకా మైల పేరుతో బాలింతను ఏ పనీ ముట్టుకోనివ్వకపోవడం, మూడో నెలలోనో ఐదో నెలలోనో సారెతో అత్తవారింటికి పంపడం, వీటన్నిటి వెనుకా ఒక వివేకం ఉంది. నిద్ర లేని తల్లికి నిద్ర, ఒంటరి తల్లికి తోడు కల్పించే ఏర్పాటు అది. కానీ దానికి రెండు హద్దులున్నాయి. ఒకటి, ఆ గౌరవమంతా తొలిచూలుకే. రెండో కాన్పునాటికి ఆమె రెండేళ్ళ పిల్లను చంకన వేసుకుని పొయ్యి దగ్గరే ఉంటుంది. రెండోది గడువు. మైలకు గడువుంది, పథ్యానికి గడువుంది, సారెకు ముహూర్తముంది. దిగులుకు ముహూర్తం లేదు.

పాశ్చాత్య వైద్యంలో కూడా ఈ విషయం ఆలస్యంగానే తెల్లవారింది. 1858లో లూయీ విక్టర్ మార్సే అనే ఫ్రెంచి వైద్యుడు గర్భిణుల, బాలింతల, పాలిచ్చే తల్లుల మనోవ్యాధుల మీద ఒక పెద్ద గ్రంథం ప్రకటించాడు. ఆయన పరిశీలించిన కేసులు 310. వాటిలో సగానికి పైగా కాన్పు తరువాతి తొలివారాలలో మొదలైనవి. కానీ సుమారు మూడో వంతు, పురిటి దినాలు గడిచిపోయి, తల్లి పాలిచ్చే కాలంలో మొదలైనవి. అంటే అందరూ 'ఇక గండం గడిచింది' అనుకుని పక్కకు తప్పుకున్న తరువాత వచ్చినవన్నమాట. ఈ సంగతి చెప్పి 160 ఏళ్ళు దాటింది.

సరిగ్గా అదే 1858లో మన దేశంలో పిచ్చాసుపత్రుల చట్టం వచ్చింది. ఆ ఏటి 36వ చట్టం. పోలీసులు ప్రధానంగా వీధుల్లో తిరుగాడేవారినీ, ప్రమాదకరంగా కనిపించేవారినీ పట్టుకుని మేజిస్ట్రేటు ముందు నిలబెడితే, ఆయన వారిని ఆసుపత్రికి పంపేవాడు. 19వ శతాబ్దం చివరికి మద్రాసు రాజధానిలో మూడు పిచ్చాసుపత్రులున్నాయి. మద్రాసులో ఒకటి, కాలికట్‌లో ఒకటి, విశాఖపట్నంలో ఒకటి. బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు ప్రాంతాల వారికి విశాఖపట్నమే దిక్కు. ఇప్పటికీ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయమే మాకు పెద్ద దిక్కు. ఆ చట్టం కంటికి ఎవరు కనిపిస్తారో ఆలోచించండి. వీధిన పడ్డవారు, కొట్టబోయినవారు. గది మూలన కూర్చుని గోడవైపు చూసే తల్లి ఏ పోలీసుకు కనిపిస్తుంది? విజయనగరంలోనూ విశాఖపట్నంలోనూ జనం నోట ఈనాటికీ 'ఘోషా ఆసుపత్రి' అన్న పేరు నిలిచి ఉంది. పరదా చాటున ఉండే స్త్రీలు వైద్యానికి రావాలన్న ఉద్దేశం ఆ పేరులోనే ఉంది. స్త్రీ దేహం అలా గడప దాటి వైద్యుల దగ్గరకు వచ్చింది. మనసు మాత్రం ఇంకా ఘోషాలోనే ఉండిపోయింది.

ఇక్కడ మూడు స్థితులను వేరు చేసి చెప్పడం అవసరం. కాన్పు అయిన మూడో నాలుగో రోజున చాలామంది తల్లులకు ఊరికే ఏడుపు వస్తుంది. పది పన్నెండు రోజులలో అదే సర్దుకుంటుంది. రెండోది, మన 'సన్ని'కి దగ్గరగా ఉండే తీవ్రమైన ఉన్మాదం. వెయ్యి కాన్పులకు ఒకటి రెండుగా వస్తుంది. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవలసినది. ఈ రెంటికీ నడుమ ఉన్నదే కుంగుబాటు. దానికి మొదటిదాని అమాయకత్వమూ లేదు, రెండోదాని ఆర్భాటమూ లేదు. అందుకే మరుగున పడింది. 1968లో బ్రైస్ పిట్ అనే వైద్యుడు లండనులో 305 మంది తల్లులను పరిశీలించి, వారిలో 33 మంది, అంటే నూటికి సుమారు 11 మంది, కాన్పు తరువాత కుంగిపోయారని చూపాడు. వారిలో కొందరు ఏడాది తరువాత కూడా కోలుకోలేదు. అప్పటినుంచే ఇది విడిగా చర్చకు వచ్చింది. 1987లో జాన్ కాక్స్, ఆయన సహచరులు ఎడింబరో ప్రశ్నావళిని తయారు చేశారు. పదే ప్రశ్నలు. గడిచిన ఏడు రోజులలో నవ్వగలిగారా, ఊరికే మిమ్మల్ని మీరు నిందించుకున్నారా, నిద్ర పట్టనంతగా దుఃఖం వచ్చిందా, ఈ తీరున. ప్రపంచమంతటా ఈనాడు వాడుకలో ఉన్నది అదే.

అయితే అది ఎందుకు నిలిచిపోతుంది? ఈ ప్రశ్నకు దారి చూపిన పుస్తకం బాలింతల గురించి రాసినది కాదు. 1978లో జార్జ్ బ్రౌన్, టిరిల్ హారిస్ అనే ఇద్దరు, దక్షిణ లండనులోని కాంబర్‌వెల్ పేటలో సామాన్య స్త్రీల కుంగుబాటును పరిశీలించి ప్రకటించిన గ్రంథం అది. కష్టం అందరికీ వస్తుంది. కష్టం వచ్చినప్పుడు ఎవరు కూలిపోతారు? వారు నాలుగు బలహీనతలను గుర్తించారు. మనసు విప్పి చెప్పుకునే మనిషి లేకపోవడం, 14 ఏళ్ళలోపు పిల్లలు ముగ్గురో అంతకంటే ఎక్కువమందో ఇంట్లో ఉండడం, బయట పని లేకపోవడం, 11 ఏళ్ళు నిండక మునుపే తల్లిని పోగొట్టుకోవడం. ఈ జాబితా చదువుతుంటే ఇది లండను గురించి రాశారా, బొబ్బిలి గురించి రాశారా అని నాకు సందేహం కలిగింది.

మన ఉపఖండంలో మూడు పరిశోధనలు ఈ విషయాన్ని తేటతెల్లం చేశాయి. గోవాలో విక్రమ్ పటేల్ బృందం 2002లో ప్రకటించిన పరిశోధనలో, కాన్పయిన 6 నుంచి 8 వారాల మధ్య నూటికి 23 మంది తల్లులు కుంగుబాటులో ఉన్నారు. వారిలో నూటికి 78 మందికి మనోవేదన గర్భిణిగా ఉన్నప్పుడే ఉంది. అంటే బిడ్డ పుట్టడం వలన కొత్తగా వచ్చిపడినది కాదు, పాత దుఃఖమే ముదిరింది. ఆరో నెలలో చూసినప్పుడు వారిలో సగానికి పైగా ఇంకా కోలుకోలేదు. పేదరికం, భర్తతో సరిపడకపోవడం, ఈ రెండే కుంగుబాటు రావడానికీ, అది పాతుకుపోవడానికీ ముఖ్యకారణాలుగా తేలాయి. పుట్టినది ఆడబిడ్డా మగబిడ్డా అన్నదానిని బట్టి భర్త కొట్టడం, ఆకలి వంటి కారణాల దెబ్బ కూడా మారింది.

అదే 2002లో వేలూరు దగ్గరి పల్లెల నుంచి వచ్చిన పరిశోధన 359 మంది తల్లుల మీద జరిగింది. తక్కువ ఆదాయం, కొడుకు కావాలనుకుంటే కూతురు పుట్టడం, గర్భంతో ఉన్నప్పుడు ఇంట్లో ఏదైనా విపత్తు రావడం, చేతి సాయానికి మనిషి లేకపోవడం, అత్తతో సఖ్యత లేకపోవడం, ఇవన్నీ అక్కడ కనిపించాయి. గమనించవలసినది మరొకటి ఉంది. అత్తతోనే కాదు, కన్న తల్లిదండ్రులతో పొత్తు కుదరకపోవడం కూడా ఆ జాబితాలో ఉంది. కన్నవారిల్లు అనగానే అది తప్పక నీడనిస్తుందని అనుకోవడానికి వీలు లేదన్నమాట. ఆచారం గోడలను ఇస్తుంది. ఆ గోడల మధ్య ఎవరున్నారన్నదే అసలు సంగతి.

మూడోది పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల నుంచి వచ్చింది. అతీఫ్ రెహమాన్ బృందం, గర్భిణిగా ఉన్నప్పుడే కుంగిపోయిన స్త్రీలను బిడ్డకు ఏడాది నిండేవరకు వెంబడించి చూసి, 2007లో ఫలితాలు ప్రకటించింది. నూటికి 56 మంది ఏడాది పొడుగునా, చూసిన ప్రతిసారీ, కుంగుబాటులోనే ఉన్నారు. ఎవరు వారు? పేదవారు, ఐదుగురూ అంతకు మించీ పిల్లలున్నవారు, భర్తకు చదువు లేనివారు, మనసులో మాట చెప్పుకోవడానికి ఒక్క మనిషి కూడా లేనివారు. లండనులో 1978లో కనిపించిన కారణమే రావల్పిండిలోనూ కనిపించింది. కాన్పు ఒక రోజుది. ఈ కారణాలు ఏడాది పొడుగునా ఉండేవి. కారణం కదలనప్పుడు జబ్బు ఎట్లా కదులుతుంది?

ఈ జాబితాను పట్టుకుని మా ప్రాంతపు చరిత్రకు వద్దాం. మొదటిది వయసు. గురజాడ 1897లో అచ్చు వేసిన 'కన్యాశుల్కం' మొదటి కూర్పుకు రాసిన ఇంగ్లీషు పీఠికలో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజు ఆనాటి విశాఖపట్నం జిల్లాలోని సామాన్య బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్క వివాహాల పట్టిక తయారు చేయించారు. నమోదయినవి 1,034. వాటిలో పెళ్ళికూతురి వయసు ఐదేళ్ళయినవి 99, నాలుగేళ్ళవి 44, మూడేళ్ళవి 36, రెండేళ్ళవి 6, ఒక ఏడువి 3. ఆ జిల్లాలో బొబ్బిలి కూడా ఉంది. బొబ్బిలి 1950లో శ్రీకాకుళం జిల్లాకు, 1979లో విజయనగరం జిల్లాకు మారింది. ఆ పసిపిల్లలలో బ్రతికి బట్టకట్టినవారు ఏ వయసులో తల్లులయి ఉంటారు? వారికి వచ్చిన దిగులును ఎవరు లెక్కపెట్టారు? పెళ్ళిళ్ళకు పట్టిక వేసినట్టు కన్నీళ్ళకు పట్టిక వేయించిన మహారాజు లేడు.

అదంతా పాతకథ అని తోసివేయడానికి లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ వయసున్న స్త్రీలలో నూటికి 29.3 మందికి 18 నిండకుండానే పెళ్ళయింది. 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లలలో నూటికి 12.6 మంది అప్పటికే తల్లులో గర్భిణులో. అదే సర్వేలో నూటికి 58.8 మంది స్త్రీలకు రక్తహీనత ఉంది. నెత్తురు లేని ఒళ్ళు ఎప్పుడూ అలసిపోయే ఉంటుంది. అలసటా దిగులూ ఒకదాని చాటున మరొకటి దాగుతాయి. థైరాయిడ్ లోపమూ అంతే. అందుకే కాన్పు తరువాత నెలల తరబడి నీరసంగా ఉన్న తల్లికి రక్తపరీక్ష చేయించడం మొదటి పని.

రెండోది వలస. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కూలికి హైదరాబాదుకూ, చెన్నైకీ, విశాఖపట్నానికీ పోయేవారి గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. మగడు ఏడాదికి రెండుసార్లు, సంక్రాంతికి ఒకసారీ, పురిటికి ఒకసారీ ఇంటికి వస్తాడు. లేదా బాలింత తానే బిడ్డను చంకనేసుకుని అతని వెంట పరాయి ఊరి రేకుల షెడ్డుకు పోతుంది. మొదటిదానిలో మగడు లేడు, రెండోదానిలో తల్లీ అక్కచెల్లెళ్ళూ లేరు. మనసు విప్పి మాట్లాడే మనిషి రెండు చోట్లా లేడు. మూడోది సారె తరువాతి మలుపు. మూడో నెలలోనో ఐదో నెలలోనో ఆమె కన్నవారి గడప దాటుతుంది. వేరే ఇల్లు, వేరే వంట, వేరే చూపులు. పుట్టినది ఆడగుంట అయితే ఆ చూపుల బరువు మరింత. ఆమెను నిలకడగా గమనించిన కళ్ళు వెనక ఉండిపోతాయి. కొత్తగా చూసేవారికి ఆమె ముందు ఎట్లా ఉండేదో తెలియదు. 'ఈ పిల్ల తీరే ఇంత' అనుకుంటారు. జబ్బు స్వభావంగా మారిపోయేది ఇక్కడే.

దీని ఫలితం తల్లి ఒక్కదానితో ఆగదు. కుంగుబాటులో ఉన్న తల్లుల బిడ్డలు బరువులోనూ ఎదుగుదలలోనూ వెనుకబడడాన్ని గోవాలోనూ రావల్పిండిలోనూ పరిశోధకులు గమనించారు. మనం బిడ్డను తూస్తాం, తల్లిని పలకరించం.

చేయదగినది ఏమీ లేదా అంటే, ఉంది. అదీ పెద్ద ఖర్చుతో కూడినది కాదు. రావల్పిండి పల్లెల్లోనే 40 యూనియన్ కౌన్సిళ్ళలో, డాక్టర్లతో కాకుండా ఇల్లిల్లూ తిరిగే ఆరోగ్య కార్యకర్తలతోనే ఒక ప్రయత్నం చేశారు. తల్లి ఆలోచనల్లోని నిరాశను నెమ్మదిగా మళ్ళించే మాటల వైద్యం అది. 2008లో 'లాన్సెట్' పత్రికలో వచ్చిన ఫలితం ఇది: ఆరు నెలలకు, ఆ పలకరింపు దొరికిన తల్లులలో నూటికి 23 మంది కుంగుబాటులో ఉండగా, మామూలు సందర్శనలు మాత్రమే దొరికినవారిలో 53 మంది ఉన్నారు. పేదరికం పోలేదు, భర్త మారలేదు, పిల్లల సంఖ్య తగ్గలేదు. కారణాల జాబితాలో ఒక్కటి మాత్రం మారింది. మాట చెప్పుకునే మనిషి దొరికింది. మన రాష్ట్రంలోనూ పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబులిచ్చి, కుంగుబాటును గుర్తించి వైద్యుడి దాకా చేర్చిన ప్రయత్నం ఒకటి జరిగింది. చేయలేరన్న మాట అబద్ధమని అది రుజువు చేసింది.

ఇప్పుడున్న ఏర్పాటును చూడండి. 2019-21 సర్వే నాటికే ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96.5 కాన్పులు ఆసుపత్రులలో జరుగుతున్నాయి. ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డను చూడడానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులలో ఇంటికి రావాలి. 2018లో వచ్చిన కేంద్ర పథకం ప్రకారం 3, 6, 9, 12, 15 నెలలలో మళ్ళీ రావాలి. మన ఆచారపు గడువు ముగిసే చోటనే, సారె వెళ్ళే మూడో నెల నుంచే, ఈ రెండో వరుస మొదలవుతుంది. నిలిచిపోయే కుంగుబాటును పట్టుకోవడానికి ఇంతకంటే అనువైన సమయపట్టిక వేరే తయారు చేయనక్కరలేదు. ఆ ఐదుసార్లూ బిడ్డ బరువు అడిగినట్టే తల్లి మనసు కూడా అడిగితే చాలు. మొదటి ప్రశ్న గర్భిణిగా ఉన్నప్పుడే అడగాలి. గోవా లెక్క నేర్పినది అదే.

చట్టం కూడా 1858 నుంచి చాలా దూరం నడిచింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా వేరు చేయరాదు. బెంగళూరు నిమ్హాన్స్‌లో తల్లినీ బిడ్డనూ కలిపి చేర్చుకునే విభాగం 2009 నుంచి ఉంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. కుంగుబాటుకు మందులున్నాయి. వాటిలో పాలిచ్చే తల్లి వైద్యుల సలహాతో వాడదగినవీ ఉన్నాయి. బిడ్డకో తనకో హాని చేయాలన్న ఆలోచన తల్లికి వచ్చిందంటే మాత్రం రేపు అనకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

చదువరులకు నా మనవి ఒక్కటే. మీ ఇంట్లో, మీ వీధిలో బాలింత ఉంటే, పదకొండో రోజున ఎలాగూ వెళతారు. నామకరణానికీ వెళతారు. ఆరో నెలలో, చేతిలో బహుమతి ఏమీ లేకుండా, మరొకసారి వెళ్ళండి. బిడ్డను ఎత్తుకోబోయే ముందు తల్లి పక్కన కూర్చోండి. 'నువ్వెట్లా ఉన్నావమ్మా' అని అడగండి. 'బాగానే ఉన్నాను' అని ఆమె అంటుంది. ఆ జవాబు వినగానే లేచి రాకండి.